కిరీటం ఊర్వశికి, కుర్చీ జడ్జీకి

మా వీధి చివర ఫంక్షన్ హాలున్న పెద్దమనిషి మొన్నామధ్య పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగి, గొంతు సవరించుకుని, "మాస్టారూ, మన తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళకీ కలిపి అందాల పోటీ పెడుతున్నామండీ" అన్నాడు.

"మంచిదే. పిల్లలు వస్తారా?" అన్నాను.

"పిల్లలదేముందండీ, వాళ్ళే వస్తారు. ముందు స్టేజీ మీద ఎవరెవరు కూర్చోవాలో తేలి చావట్లేదు. నగల కొట్టాయన ఓ కుర్చీ అంటాడు, కాలేజీ కరస్పాండెంటుగారు ఓ కుర్చీ అంటాడు, రైసుమిల్లు బావగారికి వెయ్యకపోతే రేపట్నుంచి మాటల్లేవు. పన్నెండు కుర్చీలు ఇప్పటికే అయిపోయినయ్యి."

"మరి కిరీటం?"

"అది గాజుల కొట్లో దొరుకుద్దిలెండి."

ఆయన వచ్చిన పని వేరే. సావనీరు వేస్తున్నారట. అందాల పోటీల చరిత్ర, మన వైపు నుంచి టైటిళ్ళు కొట్టిన ఆడపిల్లల వివరాలు, ఓ నాలుగు పేజీలు కావాలి. "ఎక్కడా కాంట్రవర్సీ లేకుండా" అని రెండుసార్లు చెప్పాడు. రాసిచ్చాను. మర్నాడే కుర్రాడిచేత తిప్పి పంపాడు. ఆ తరవాత కాఫీకి కూడా రాలేదు. రాసినది పారేయడం నాకు చేతకాదు గనక ఇక్కడ అచ్చుకిస్తున్నాను.

మా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. మూడు కాలవలున్నాయి గనక అని కొందరు, నాటకాల పిచ్చి వల్ల అని కొందరు, మడత నలగని చొక్కాల వల్ల అని ఇంకొందరు. కారణమేదైనా ఆ బిరుదు మేము భుజాన వేసుకుని తిరుగుతూనే ఉన్నాం. అయితే ప్యారిస్ ఊరి పేరొక్కటే కాదు. గ్రీకు పురాణాల్లో ట్రాయ్ రాకుమారుడొకడున్నాడు, వాడి పేరూ ప్యారిసే. లోకంలో తొలి అందాల పోటీకి జడ్జీ వాడు. హీరా, అథీనా, అఫ్రొడైటీ అని ముగ్గురు దేవతలు బంగారు ఆపిల్ పండు కోసం పోటీపడి, నువ్వే చెప్పు నాయనా అని గొర్రెలు కాసుకుంటున్న వీడి దగ్గరికొచ్చారు. ఒకావిడ రాజ్యం ఇస్తానంది. ఒకావిడ యుద్ధంలో గెలుపు ఇస్తానంది. మూడో ఆవిడ, భూలోకంలో అందరికంటే అందగత్తెను నీకు కట్టబెడతానంది. ప్యారిస్ మూడో ఆవిడకి ఓటేశాడు. ఆపిల్ ఆవిడకి వెళ్ళింది, హెలెన్ వీడికి వచ్చింది, ట్రాయ్ నగరం తగలబడిపోయింది. జడ్జీ లంచం పట్టడం పోటీ పుట్టిన రోజునే పుట్టిందని గమనించ ప్రార్థన.

గ్రీకువాళ్ళను ఆడిపోసుకుంటే లాభం లేదు, మన ఇంటి కథా ఇంతే. రంభ గొప్పదా, ఊర్వశి గొప్పదా అని ఇంద్రసభలో తగువొచ్చింది. అంతమంది దేవతలుండీ తేల్చలేక భూమ్మీంచి విక్రమార్కుణ్ణి పిలిపించారు. ఆయన ఇద్దరి నాట్యమూ చూసి, శాస్త్రం ప్రకారం ఊర్వశిదే పైచెయ్యి అన్నాడు. ఊర్వశికి ఏం దక్కింది? పేరు. విక్రమార్కుడికి ఏం దక్కింది? నవరత్నాలు పొదిగిన సింహాసనం, ముప్పై రెండు మెట్లు, మెట్టుకో బంగారు బొమ్మ. ఆడి చెమటోడ్చింది ఒకరు, కుర్చీ ఎత్తుకుపోయింది ఇంకొకరు. ఈ సూత్రం ఒక్కటి మనసులో పెట్టుకుంటే అందాల పోటీల చరిత్రంతా నాలుగు పేజీల్లో తేలిపోతుంది.

1921 సెప్టెంబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో మొదలైన పోటీయే తరవాత మిస్ అమెరికా అయింది. ఎందుకు మొదలైందంటే, వేసవి సెలవులైపోగానే జనం సముద్రం ఒడ్డు వదిలి ఇళ్ళకు పోతున్నారు, హోటళ్ళు ఖాళీ అవుతున్నాయి. ఇంకో నాలుగు రోజులు ఆపాలి. మార్గరెట్ గోర్మన్ అనే పదహారేళ్ళ పిల్లకి పట్టం కట్టారు, హోటళ్ళ గదులు నిండాయి. అదే 1921లో బాపట్ల పక్కనున్న చీరాల-పేరాల జనం ఏం చేస్తున్నారో కూడా చెప్పాలి. మునిసిపాలిటీ పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరికి ఊరే ఖాళీ చేసి, ఇసకలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. అక్కడ ఊళ్ళో జనాన్ని నిలపడానికి అందాల పోటీ, ఇక్కడ ఊరు ఖాళీ చేయడానికి పౌరుషం. సావనీరుకి ఈ వాక్యం అనవసరమని తెలిసే రాశాను.

1951లో లండన్‌లో ఎరిక్ మోర్లే అనే ఆయన మిస్ వరల్డ్ పెట్టాడు. బ్రిటన్ ఉత్సవాల సందడిలో బికినీలకు ప్రచారం. స్వీడన్ పిల్ల కికి హాకన్సన్‌కి బికినీలోనే కిరీటం పెట్టారు. 1952లో మిస్ యూనివర్స్ పుట్టుక ఇంకా ముచ్చటైనది. అప్పటి మిస్ అమెరికా యోలాండ్ బెట్బీజ్, ఈత దుస్తుల్లో ఊరూరా తిరిగి ఫొటోలు దిగనని భీష్మించింది. ఈత దుస్తులు కుట్టే కంపెనీకి ఒళ్ళు మండి, ఈ పోటీ కాకపోతే మనమే ఇంకోటి పెట్టుకుందామని మిస్ యూనివర్స్ పెట్టుకుంది. విశ్వసుందరి అనే బిరుదు వెనక ఉన్న విశ్వం ఎంతయ్యా అంటే, అమ్ముడుపోని ఈత గుడ్డలంత.

ఆ తొలి మిస్ యూనివర్స్‌కి మన దేశం నుంచి వెళ్ళినావిడ ఇంద్రాణీ రెహమాన్. మద్రాసులో పుట్టింది. ఈవిడ సంగతి మన సావనీరులో మొదటి పేజీలో ఉండాలి. ఎందుకంటే, రేపల్లెకి కృష్ణ అవతలి ఒడ్డున, ఒకప్పటి దివి తాలూకాలోని కూచిపూడి పేరును దేశదేశాల వేదికలెక్కించినవాళ్ళలో ఈవిడ ఒకరు. కోరాడ నరసింహారావుగారి దగ్గర నేర్చుకుంది. 1952లో పోటీకి వెళ్ళేనాటికి ఆవిడకి పెళ్ళయింది, బిడ్డ తల్లి కూడా. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ తరవాత నియమాలు బిగించి, పెళ్ళికాని పిల్లలే రావాలన్నారు. డెబ్బై ఏళ్ళు ఆలోచించి, 2023 నుంచి పెళ్ళయినవాళ్ళూ తల్లులూ రావచ్చని మిస్ యూనివర్స్‌వాళ్ళు గొప్ప సంస్కరణలా ప్రకటించారు. ఇంద్రాణి ఎక్కడినుంచి బయల్దేరిందో, డెబ్బై ఏళ్ళకి అక్కడికే వచ్చి దణ్ణం పెట్టారన్నమాట.

ఇక తెనాలి. మా ఊరివాడు ప్రపంచానికి ఒకే ఒక్క 'మిస్' టైటిల్ ఇచ్చాడు. అది 1955లో వచ్చిన 'మిస్సమ్మ' సినిమా. చక్రపాణిగారు తెనాలివారే. ఆయన రాసిన ఆ మిస్సుకి కావలసిన అర్హత నడుము కొలత కాదు, బి.ఏ. డిగ్రీ. ఒంటి మీద తళుకులు లేవు, నెత్తి మీద అప్పుంది. నోరు తెరిస్తే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేయాలి. ఇంతకీ ఆ కిరీటం ముందు భానుమతిగారి నెత్తినే పెట్టారు. షూటింగుకి ఆలస్యంగా వచ్చిందని చక్రపాణిగారు తీసేసి సావిత్రికిచ్చారు. సావిత్రి కోసం అనుకున్న రెండో వేషం మా దుగ్గిరాల పిల్ల జమునకి వచ్చింది. జడ్జీ అన్నవాడికి కుర్చీ ఉంటే సరిపోదు, పెద్ద హీరోయిన్నైనా ఇంటికి పంపించే మొండితనం ఉండాలి. మా ఫంక్షన్ హాలు పెద్దమనిషి పన్నెండుమందిలో ఒక్కరికైనా అది ఉందేమోనని అడిగాను. "అందరూ చందాలిచ్చినవాళ్ళేనండీ" అన్నాడు.

తెనాలి ఆడపడుచుల్లో అసలు టైటిల్ హోల్డర్ శారద. బిరుదు ఊర్వశి. ఇది అభిమానులు అభిమానం కొద్దీ తగిలించింది కాదు, కేంద్ర ప్రభుత్వం ఇచ్చింది. ఉత్తమ నటి జాతీయ అవార్డుకి ఆ రోజుల్లో పేరే 'ఊర్వశి'. తొలి ఊర్వశి నర్గీస్, మలి ఊర్వశి మా తెనాలి శారద. 1968లో 'తులాభారం', తరవాత 'స్వయంవరం', ఆ తరవాత 'నిమజ్జనం'. మూడుసార్లు. ఢిల్లీవాళ్ళ చమత్కారం చూడండి. ఇంద్రసభలో నాట్యమాడే అప్సరస పేరు పెట్టి, దాన్ని ఎవరికిచ్చారంటే, మొగుడు పోయి, తిండి లేక, పిల్లలకి విషం పెట్టుకున్న తల్లి వేషం వేసినావిడకి. తలవంచి తీసుకుంది గానీ, ఆ ఊర్వశి దగ్గర నవ్వే సీను ఎక్కడుంది? పైగా మూడింటిలో రెండు మలయాళం సినిమాలు. తెలుగువాళ్ళం చెల్లెలి వేషాలిచ్చిన పిల్లకి మలయాళీలు ఊర్వశి వేషాలిచ్చారు. ఇచ్చాక మేం రైలు స్టేషనులో దండ పట్టుకుని నిలబడి, "మా తెనాలి పిల్లే" అన్నాం.

ఆవిడ విషయంలో మాత్రం విక్రమార్కుడి సూత్రం ఒక్కసారి తిరగబడింది. 1996లో తెనాలి నుంచి లోక్‌సభకి గెలిచింది. ఊర్వశే వెళ్ళి సింహాసనం మీద కూర్చుంది. రెండేళ్ళకే ఎన్నికలు మళ్ళీ వచ్చి సీటు పోయింది. పునర్విభజనలో అసలు తెనాలి లోక్‌సభ నియోజకవర్గమే లేకుండా పోయింది. ఊర్వశి ఎక్కిన కుర్చీ కదా, ఇక దాని కాళ్ళు ఎవరు నిలబెడతారు!

ఇప్పుడు అందరూ అడిగే పేరుకొద్దాం. శోభిత ధూళిపాళ. 1992 మే 31న తెనాలిలో పుట్టింది, విశాఖపట్నంలో పెరిగింది, బొంబాయిలో చదివింది. మే 31 అంటే మా వైపు ముందు బుర్రిపాలెం హీరో కృష్ణగారి పుట్టినరోజు, తరవాతే ఇంకేదైనా. 2013లో ఫెమినా మిస్ ఇండియా పోటీలో మిస్ ఇండియా ఎర్త్ అయి, ఫిలిప్పీన్స్‌లో జరిగిన మిస్ ఎర్త్‌కి వెళ్ళింది. ఆ సంవత్సరం తెనాలిలో ఆ కబురు తెలిసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 'గూఢచారి' వచ్చాక కొందరికి తెలిసింది. మణిరత్నం తీసిన 'పొన్నియిన్ సెల్వన్' వచ్చాక ఇంకొందరికి. 2024 డిసెంబరు 4న అన్నపూర్ణ స్టూడియోలో నాగచైతన్యతో పెళ్ళయింది చూశారూ, ఆ రోజు తెనాలి మొత్తానికి ఆ పిల్లతో చుట్టరికం కలిసిపోయింది. మా బోసురోడ్డులో ఒకాయన, "మా మేనత్త తోటికోడలి వాళ్ళింటి పక్కనేనండీ" అని నన్ను ఆపి మరీ చెప్పాడు. పదకొండేళ్ళు మిస్ ఇండియా ఎర్త్‌గా ఉన్నా రాని గుర్తింపు, అక్కినేనివారి కోడలవగానే ఒక పూటలో వచ్చింది. మన దగ్గర భూగోళం కంటే అత్తారిల్లు పెద్దది.

ఆ శోభితే ఒకచోట చెప్పుకుంది: ప్రకటనల ఆడిషన్లకి వెళ్తే, నువ్వు తెల్లగా లేవు, అందంగా లేవు అని మొహం మీదే అన్నారట. దేశం తరఫున అందాల పోటీకి పంపిన పిల్లని, ప్రకటనకి పనికిరావన్నారన్నమాట. రంగు విషయంలో మనకి సబ్బు కంపెనీవాడే సుప్రీంకోర్టు.

అదే 2013 సెప్టెంబరులో, మార్గరెట్ గోర్మన్‌కి పట్టం కట్టిన అట్లాంటిక్ సిటీలోనే, బెజవాడ మూలాలున్న తెలుగింటి పిల్ల నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. భారతీయ మూలాలున్న తొలి మిస్ అమెరికా. 50 వేల డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ రాత్రే అమెరికాలో తెల్లతోలు పెద్దమనుషులు, అరబ్బు పిల్లకి కిరీటం ఏమిటని ట్విట్టర్‌లో గోల చేశారు. మనవాళ్ళు ఊరుకుంటారా? ఛీ, ఎంత జాతివివక్ష అని పొద్దున ఖండించారు. మధ్యాహ్నానికి, "అయినా ఆ రంగుకి మన దగ్గరైతే మిస్ ఇండియా మొదటి రౌండు దాటేది కాదులే" అని ఒప్పేసుకున్నారు. ఇందులో మెచ్చుకోదగ్గది నిజాయితీ ఒక్కటే.

రంగు దగ్గరికొచ్చాం గనక, మా ప్రాంతపు అసలు సౌందర్యరాణి పేరు చెప్పక తప్పదు. బాపట్లలో పుట్టింది. 1986లో లోకానికి పరిచయమైంది. అప్పట్నుంచి ఇవాళ్టిదాకా ఎంతమంది పోటీకొచ్చినా ఆ పీట కదల్చలేకపోయారు. సన్నగా ఉంటుంది, తెల్లగా ఉంటుంది, ఆంధ్రా, తెలంగాణ దాటి పక్క రాష్ట్రాలు కూడా ఆవిడ మోజులో ఉన్నాయి. పేరు బీపీటీ 5204. ఇంట్లో పిలిచే పేరు సాంబ మసూరి.

నవ్వకండి. అమ్మాయిల్లో మనం వెతికేది, బియ్యంలో మనం ఏరేది ఒకటే కాబట్టి చెబుతున్నాను. పంట 150 రోజులు నీళ్ళలో నిలబడాలి. అగ్గి తెగులొస్తే తట్టుకోలేదు, ఆకు ఎండు తెగులొస్తే అసలే తట్టుకోలేదు. రైతు మందు డబ్బా వీపున తగిలించుకుని దాని చుట్టూ తిరుగుతూనే ఉండాలి. ఇంటికొచ్చాక ఊరుకుంటామా? మిల్లుకు తోలి, పై పొరంతా గీకి గీకి, మల్లెపువ్వులా తెల్లబడేదాకా పాలిష్ పట్టిస్తాం. ఒంట్లో ఉన్న సత్తువంతా తవుడులో పోతుంది. ఆ తవుడు నూనె మిల్లుకు పోతుంది. తెల్లటి అన్నం మనం తిని, షుగరొచ్చి డాక్టరు దగ్గరికి పోతే, ఆయన తవుడుతో ఉన్న బియ్యం తినమంటాడు. ఇక్కడా అదే లెక్క: కిరీటం సాంబ మసూరికి, తవుడు మిల్లరుకి.

2008లో శాస్త్రవేత్తలు ఈ వరికే ఆకు ఎండు తెగులు తట్టుకునే గుణం పట్టించి కొత్త రకం విడుదల చేశారు. ఒంట్లో చక్కెర తొందరగా పెరగనివ్వదని కూడా తేలింది. గింజ రూపం మాత్రం ముట్టుకోలేదు. గింజ ఒక పిసరు లావెక్కినా మార్కెట్ యార్డులో బస్తా ముట్టేవాడుండడని వాళ్ళకి తెలుసు. లోపల ఎంత చదువు చదివినా, ఎంత బుద్ధి మారినా, బయట కొలతలు మారకూడదు. ఏ పోటీ నియమావళిలోనైనా ఇంతకంటే ఏముంది?

మొహానికి రాసుకుంటే వారాల్లో తెల్లబడతారని 1975 నుంచి అమ్మిన క్రీముకి 2020లో పేరు మార్చారు. 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టారు. ట్యూబు అదే, గులాబీ రంగు అదే. మా వీధి చిల్లర కొట్టాయన మాత్రం పాత పేరుతోనే అడిగితే ఇస్తాడు, కొత్త పేరుతో అడిగితే అదేంటమ్మా అంటాడు. ఆ ఏడాదే పెళ్ళిసంబంధాల వెబ్‌సైటొకటి ఒంటిరంగుతో వడబోసే సదుపాయం తీసేసింది. మా వైపు నష్టమేం జరగలేదు. మాకు వడబోతకి మేనత్తలున్నారు.

ఆ మాటకొస్తే, తెనాలి-బాపట్ల-రేపల్లెల్లో అందాల పోటీ ఇప్పుడు కొత్తగా పెట్టేదేముంది? నేను నిక్కర్లేసుకునే రోజుల్లోనే చూశాను. మా పెద్దమ్మగారిల్లు రేపల్లె. పెద్దమ్మ కూతురు మా అక్క. జడ్జీలు తెనాలి నుంచి పాసింజరు బండిలో దిగారు, ఐదుగురు. మగవాళ్ళు మడతకుర్చీల్లో, ఆడవాళ్ళు చాపమీద. ముందు కేసరి, బజ్జీలు. తరవాత నడక రౌండు. "అమ్మాయిని ఆ గుమ్మం కాడ్నుంచి ఈ గుమ్మం దాకా ఓసారి నడవమనండి ఒదినగారూ" అందొకావిడ. నడిచింది. ఎత్తు రౌండుకి ఆవిడే లేచి అక్క పక్కన నిలబడింది. జడ చేత్తో పట్టుకుని, "సవరం కాదు గదా" అని ఓ గుంజు గుంజింది. తరవాత ప్రశ్నోత్తరాలు. అంతర్జాతీయ పోటీల్లో లోకశాంతి గురించి అడుగుతారు, మా దగ్గర గోంగూర పచ్చడి గురించి అడిగారు. రెండింటికీ జవాబు ఒక్కటే: వచ్చునండి, చాలా ఇష్టమండి. ప్రతిభా ప్రదర్శన కింద అక్క ఓ కీర్తన పాడుతుంటే, పెళ్ళికొడుకు బాబాయి బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టడంలో మునిగిపోయాడు.

పదిరోజులకి కార్డు ముక్క వచ్చింది, జాతకాలు కుదరలేదని. కుదిరాయని రాసింతరవాతే చూపులకొచ్చిన మహానుభావులు వాళ్ళు. అక్క ఆ కార్డుని వంటింట్లో పోపుడబ్బా కింద చాలారోజులు పెట్టుకుంది, ఎందుకో నాకిప్పటికీ తెలీదు. అలాంటివి మరో నాలుగు పోటీలయ్యాక ఐదోదాంట్లో గెలిచింది. గెలిచినందుకు మా పెదనాన్న ఎకరం చెక్క అమ్మి, యాభైవేలు, ఒక స్కూటరు సమర్పించుకున్నాడు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అప్పటికి ఆ చట్టానికి నడివయసు వచ్చేసింది. ప్రపంచంలో ఎక్కడైనా నెగ్గిన పిల్లకి బహుమతి ఇస్తారు. నెగ్గిన పిల్ల బాబు, జడ్జీలకి బహుమతి కట్టే పోటీ మాది. ప్యారిస్‌కీ విక్రమార్కుడికీ కూడా పెళ్ళికూతురుతో పాటు స్కూటరు రాలేదు.

ఎడ్లకి ఇంతకంటే నయం. మా వైపు తిరునాళ్ళకీ పండక్కీ బండలాగుడు పందేలు పెడతారు. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం. జోడీ వచ్చి బండ లాగుతుంది, ఎంత దూరం లాగితే అంత. టేపు పట్టి కొలుస్తారు. గిత్త తెల్లగా ఉందా, నడకలో ఒయ్యారం ఉందా, లోకశాంతి మీద దాని అభిప్రాయమేమిటి అని ఎవడూ అడగడు. కొలిచేది అది చేసిన పనిని. పళ్ళు చూసేది కూడా వయసు తేల్చడానికే.

ఇది చదివి, అయితే మీరు అందాల పోటీలకి వ్యతిరేకులా అని ఫంక్షన్ హాలాయన అడిగితే ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను గానీ, ఆయన అడగలేదు. వ్యతిరేకించేవాళ్ళ సంగతీ చూశాం. 1996లో బెంగళూరులో మిస్ వరల్డ్ పెడితే, భారతీయ సంస్కృతి మంటగలిసిందని దేశం ఊగిపోయింది. మదురైలో ఒక కుర్రాడు ఒంటికి నిప్పంటించుకుని చచ్చిపోయాడు. ఈత దుస్తుల రౌండుని సీషెల్స్ దీవులకి తరలించారు. సంస్కృతి దక్కిందనుకున్నారు. పోటీ జరిగింది, టిక్కెట్లు అమ్ముడయ్యాయి, గ్రీసు పిల్ల నెగ్గింది. ఆ కుర్రాడి ఇంటికి ఏ జడ్జీ వెళ్ళాడో నేనెక్కడా చదవలేదు. ఆ గోల చేసినవాళ్ళే మర్నాడు కొడుక్కి పిల్లని చూడ్డానికి వెళ్ళి, జడ గుంజి చూసుంటారు.

2025కి వచ్చేసరికి వ్యతిరేకతా చల్లారిపోయింది. మే నెలంతా హైదరాబాదులో మిస్ వరల్డ్. పర్యాటకం పెరుగుతుందని తెలంగాణ ప్రభుత్వమే పీట వేసింది. వందకు పైగా దేశాల పిల్లల్ని చార్మినారుకి, పోచంపల్లికి, యాదగిరిగుట్టకి తిప్పారు. రామప్ప గుడి దగ్గర మాత్రం, లోపలికి వెళ్ళబోయే సుందరీమణుల కాళ్ళకి స్థానిక ఆడవాళ్ళ చేత నీళ్ళు పోయించారు, తువ్వాలుతో తుడిపించారు. గొడవైంది. అతిథి మర్యాద అన్నారు ఏలినవారు. సరే, మర్యాదే అనుకుందాం. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఆ గుడికి మదనికల బొమ్మలు చెక్కిన శిల్పి ఎవరి కాళ్ళూ కడిగించలేదు, ఒక ఆడమనిషి కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఇంకొకరు తీస్తున్నట్టు చెక్కాడు. అది చూసి నేర్చుకునే తీరిక ఎవరికి? మే 31న థాయిలాండు పిల్ల సుచాతా చువాంగ్‌శ్రీకి కిరీటం పెట్టారు. మర్నాడు పేపర్లో కిరీటం పెట్టిన చేతుల ఫొటోలే ఎక్కువ.

కిరీటాన్ని పట్టుకు వేళ్ళాడనివాళ్ళూ లేకపోలేదు. 1966లో మన దేశానికి తొలి మిస్ వరల్డ్ కిరీటం తెచ్చిన రీటా ఫారియా అప్పటికి బొంబాయిలో మెడిసిన్ చదువుతోంది. ఏడాది కాగానే కిరీటం దింపి, తిరిగి పుస్తకం పట్టి డాక్టరైంది. సినిమాల్లోకి రాలేదు, ప్రకటనలకి రాలేదు. అందుకే కాబోలు, మా సావనీరు కమిటీలో పన్నెండుమందికీ ఐశ్వర్యారాయ్ తెలుసు, సుస్మితాసేన్ హైదరాబాదులో పుట్టిందని తెలుసు. రీటా ఎవరో తెలీదు.

పోటీ ఎలాగూ ఆగదని నాకు తెలుసు. ఫ్లెక్సీలు కట్టేశారు. ఒక్కోదాంట్లో పద్నాలుగు మొహాలున్నాయి, పద్నాలుగూ మీసాలే. అందుకని పోటీ నియమాల్లో ఒక్కటి చేర్చమని అడిగాను. అది చదివాకే ఆయన కాగితాలు తిప్పి పంపాడనుకుంటాను.

విక్రమార్కుడు పోయాక ఆ సింహాసనం మట్టిలో కప్పబడిపోయింది. ఎన్నో ఏళ్ళకి భోజరాజు తవ్వించి, కడిగించి, పూజ చేయించి, మంచి ముహూర్తం చూసుకుని ఎక్కబోయాడు. మొదటి మెట్టు మీది బంగారు బొమ్మ నోరు విప్పింది. ఆగవయ్యా, విక్రమార్కుడికున్న గుణం నీకుందా, ఉంటే ఎక్కు అని ఒక కథ చెప్పింది. రెండో మెట్టు మీది బొమ్మ ఇంకొకటి. ముప్పై రెండు మెట్లు, ముప్పై రెండుమంది ఆడబొమ్మలు. అలంకారానికి పెట్టారనుకున్న బొమ్మలు మాట్లాడతాయని రాజు ఎన్నడూ అనుకోలేదు.

మా పోటీకీ ముప్పై ఇద్దరు పిల్లలు పేర్లిచ్చారని విన్నాను. తెనాలి నుంచి పదముగ్గురు, బాపట్ల వ్యవసాయ కాలేజీ వైపు నుంచి పదకొండుమంది, రేపల్లె బండిలో మిగతావాళ్ళు. నేనడిగిందల్లా, జడ్జీలు కూర్చోబోయే ముందు స్టేజీ మెట్ల మీద ఈ పిల్లల్ని నిలబెట్టి, ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న అడగనివ్వమని. అయ్యా, తమరి ఎత్తెంత? ఆ గుమ్మం దగ్గర్నుంచి ఈ గుమ్మం దాకా ఓసారి నడుస్తారా? ఆ జుట్టు నలుపు సొంతదేనా? కోడలు ఎన్నెకరాలు తెచ్చిందండీ? మీ మిల్లులో ఆడకూలీ రోజుకెంత? అమ్మాయిగారిని ఇంటరు తరవాత ఎందుకు మాన్పించారు?

భోజరాజు ప్రతి మెట్టు దగ్గరా ఆగి, నిలబడి విన్నాడు. మా ఫంక్షన్ హాలాయన ఫోను చేస్తే ఎత్తలేదు గానీ, కుర్రాడిచేత కబురంపాడు: "కుర్చీలు మెట్ల వైపు నుంచి కాదండీ, వెనకాల గ్రీన్‌రూం వైపు నుంచి వేయించేశాం. పైన తెల్ల టర్కీ తువ్వాళ్ళు కూడా పరిచాం."